మెహందీ చేతులు

జర్మనీలోని హానోవర్‌లో బయాలజీ డిగ్రీ చదువుతూ ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకి సిద్ధమవుతున్న రోజులవి. అందులో సీటు రావాలంటే ముందు ఆసుపత్రిలో ప్రాక్టికుమ్, అంటే కొన్నాళ్లు శిక్షణగా పని, చేసి ఉండాలి. మొదటిరోజే, రంజాన్‌కి అక్క పెట్టిన మెహందీతో వెళ్లాను.

హెడ్ నర్సు నా చేతులు చూసి, "కడుక్కుని రా" అంది. ఎర్రబడేదాకా రుద్దాను. మెహందీ పోతుందా? "అది పోయేదాకా పేషెంట్లను ముట్టుకోవద్దు" అంది అందరి ముందూ. నా సీటు పోయినట్టే అనిపించింది.

ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ ఆ వార్డు డాక్టరుగారు తెలుగులో మెల్లగా, "గ్లవ్స్ వేసుకుని మేనేజ్ చెయ్యమ్మా, గొడవెందుకు?" అన్నారు.

"దాచుకోవడానికి నేనేం తప్పు చేశాను సర్?"

చేతులకు శానిటైజర్ సరిగ్గా పట్టిందో లేదో చూపించే నీలిలైటు పెట్టె ఒకటి అక్కడే ఉంది. దాని మందు రాసుకుని చేతులు లోపల పెట్టాను. మందు అంటని చోటు నల్లగా కనిపిస్తుంది. నా చేతులు గోళ్ల చివర్ల దాకా మెరిశాయి. హెడ్ నర్సు వంగి చూసి, బీపీ మెషిన్ నా చేతికిచ్చింది.

ఇప్పుడు ఆ కోర్సే చదువుతున్నాను. రంజాన్ మర్నాడు మెహందీతోనే డ్యూటీకి వెళ్తాను. ఎవరైనా అదోలా చూస్తే, "లైటు పెట్టె ఎక్కడుంది?" అని నేనే ముందు అడుగుతాను.