బూమ్ లేచినప్పుడే వచ్చే కోడ్

నాకు కోపం ఎక్కువ. ముఖ్యంగా, మిషన్ స్క్రీన్ మీద ఎర్రర్ కోడ్ కనబడగానే రోగం దొరికిపోయిందనుకునేవాళ్లను చూస్తే. ఎల్‌బీ నగర్‌లో సాగర్ రోడ్డు పక్కన నాకొక చిన్న షెడ్డుంది. పొక్లెయిన్లు, క్రేన్లు, రోడ్డు రోలర్లకు కరెంటు జబ్బులు నేను చూస్తాను. ఇల్లు అలకగానే పండుగ కానట్టే, కోడ్ చదవగానే రిపేరు అయిపోదు. మంట ఏ వీధిలో లేచిందో కోడ్ చెబుతుంది గానీ ఏ ఇంట్లోనో చెప్పదు. షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ ఈ నీతి చెప్పి పంపుతాను. ఇంత చెప్పే నేను మొన్న ఎండాకాలంలో ఏం చేశానో కూడా చెప్పుకోవాలి.

చైతన్యపురి మెట్రో వెనక సందులో ఒక హాస్టల్ కోసం సెల్లార్ తవ్వుతున్నారు. పొక్లెయిన్ ఓనరు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఆపరేటర్ మా నల్లగొండ వైపాయన, నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. స్క్రీన్లే లేని కాలం నుంచి మిషన్లు నడుపుతున్నాడు. ఆ మిషన్ పని మధ్యలో ఉన్నట్టుండి మూడు కోడ్లు ఒకేసారి చూపించి నీరసపడిపోతోంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తోంది.

వెళ్లి లాప్‌టాప్ పెట్టి చూశాను. మూడూ ఒత్తిడి కొలిచే సెన్సర్ల కోడ్లే. మల్టీమీటర్‌తో చూస్తే వైర్లలో కరెంటు సరిగ్గానే ఉంది. ఒక సెన్సర్ మార్చాను. రెండు రోజులకు మళ్లీ పిలిచారు. ఇంకొకటి మార్చాను. మూడోసారి వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తోంది. రోగమేంటని ఓనరు అడిగాడు. నాకు తెలియదన్న మాట నోట రాలేదు.

"మిషన్‌ల ఏం లేదు సార్. లొల్లంత నడిపేటాయన చేతిలనే ఉన్నది," అన్నాను.

నిజమే అనిపించేలా కూడా ఉంది. అదే మిషన్ మీద పొద్దున నేల చదును చేసే ఇంకో ఆపరేటర్ చేతిలో ఆ కోడ్లు ఒక్కసారీ రాలేదు. నేను అనేసి వచ్చి అన్నం తిని పడుకున్నాను. ఆ మాట ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు.

శనివారం పొద్దున్నే ఆపరేటర్ పెద్దాయన షెడ్డుకు వచ్చాడు. చాయ్ తెప్పిస్తే ముట్టుకోలేదు. సోమవారం నుంచి కొత్త ఆపరేటర్ వస్తున్నాడని, ఈ రోజు తర్వాత తనను రావద్దన్నారని చెప్పాడు. కంప్యూటర్ మిషన్ నడపరాక పాడుచేశాడన్న పేరు వస్తే ఆ వయసులో ఆయనకు ఇంకొకరు సీటివ్వరు. ఎల్‌బీ నగర్ అడ్డా మీద ఇలాంటి మాట సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది.

"ఒక్కపారి నా ఎన్క నిలబడి చూడు తమ్మీ. తప్పు నా చెయ్యిదే అయితే నేనే పోత," అన్నాడు.

టూల్ బ్యాగు తీసుకుని ఆయన వెంట నడిచాను.

క్యాబిన్‌లో సీటు వెనక ఇరుక్కుని నిలబడ్డాను. ఆయన పని చూస్తే ముచ్చటేసింది. కుదుపు లేదు, తొందర లేదు. బకెట్ నిండగానే, దాన్ని మోసే ఇనుప చెయ్యి అయిన బూమ్‌ను బాగా పైకెత్తి టిప్పర్‌లో పోస్తున్నాడు. రెండో టిప్పర్ నిండుతుండగా స్క్రీన్ మీద మూడు కోడ్లూ వచ్చాయి. దించి మళ్లీ స్టార్ట్ చేయమన్నాను, పోయాయి. బూమ్ పూర్తిగా ఎత్తమన్నాను, వచ్చాయి. పొద్దుటాయన నేల చదును చేసేవాడే గనక బూమ్‌ను అంత ఎత్తు ఎప్పుడూ లేపలేదు. నేను మీటర్ పెట్టినప్పుడల్లా కూడా బూమ్ కిందే ఉంది.

అప్పుడు తిట్టుకున్నాను నన్ను నేను. మూడు సెన్సర్లూ ఒకే నిమిషంలో చస్తాయా? ఇంట్లో ముగ్గురికీ ఒక్కసారే కళ్లు కనబడకపోతే, దీపం ఆరిందని అర్థం. ఆ మూడింటికీ కరెంటు ఒకే వైరు నుంచి వెళుతుంది. బూమ్ లేచినప్పుడు ఆ వైరు ఎక్కడో ఇనుముకు తగులుతోంది.

బకెట్ నేలకు ఆనించి, ఇంజిన్ ఆపించి, బూమ్ మొదలు దగ్గర గ్రీజు, దుమ్ము తుడుచుకుంటూ వేలితో తడిమాను. సన్నగా ఏదో గుచ్చుకుంది. కడ్డీలు కట్టే సన్నటి ఇనుప తీగ, బైండింగ్ వైరు ముక్క. వైర్ల కట్టను పక్కనున్న బ్రాకెట్‌కు కలిపి మూడు చుట్లు తిప్పి బిగించి ఉంది. బూమ్ లేచినప్పుడల్లా లాగి లాగి కరెంటు వైరు తొడుగు కోసేసింది. ఆ చుట్లలో ఎండిపోయిన మిరపకాయ తొడిమ ఒకటి ఇంకా ఇరుక్కునే ఉంది.

అది కట్టింది నేనే. ప్రతి దసరాకు మిషన్ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు మిరపకాయలు నా చేతే కట్టిస్తారు. దారంతో కడితే వారానికే ఊడిపోతోందని కిందటి దసరాకు బైండింగ్ వైరు వాడాను. పదేళ్లయినా ఊడదని అందరిముందూ గొప్పలు కూడా పోయాను. నిమ్మకాయలు రాలిపోయాయి, వైరు మాత్రం నా మాట నిలబెట్టింది. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

పెద్దాయన నా పక్కనే ఉన్నాడు. అంతా చూశాడు. ఆ ముక్క జేబులో వేసుకుని, కరెంటు వైరు దానంతటదే ఒరుసుకుపోయిందని చెబితే సరిపోయేది. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చింది కూడా. నా మీద నాకే అసహ్యం వేసింది. ఓనరును పిలిచి ఆ ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"ఇది దసరాకు నేను కట్టిన వైరే సార్. మొన్న నేనన్న మాట గూడ తప్పు. అన్న చెయ్యి మంచిగనే ఉన్నది," అన్నాను.

ఆయన ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ మాట నమ్మి పెద్దాయన్ని రావద్దన్నానండీ," అని, అక్కడే ఫోన్ తీసి సోమవారం వచ్చేవాణ్ణి వద్దన్నాడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, ఏమీ అనుకోవద్దన్నాడు.

కరెంటు వైరు అతికించి, కొత్త తొడుగు వేశాను. పెద్దాయన బూమ్‌ను పదిసార్లు పూర్తిగా ఎత్తి దించాడు. స్క్రీన్ మీద ఒక్క కోడ్ కూడా రాలేదు. ఖాళీ స్క్రీన్ చూసి అంత సంతోషపడటం నాకు అదే మొదలు.

ఈ దసరాకు నన్ను పిలవరనే అనుకున్నాను. పెద్దాయనే ఫోన్ చేశాడు. వెళ్లేసరికి మిషన్ కడిగి ఉంది, నిమ్మకాయలు పళ్లెంలో ఉన్నాయి. చొక్కా జేబులోంచి తెల్లటి నూలు దారపుండ తీసి నా చేతిలో పెట్టాడు.

"అద్దానికి కట్టు తమ్మీ. ఊడితె మల్లొచ్చి కడుదువు," అన్నాడు.

వారం తిరక్కుండానే ఊడింది. వెళ్లి కట్టొచ్చాను.