మెమరీ మార్పిడి ముహూర్తం

మా బంధువుల్లో నా ఉద్యోగం ఏమిటో అర్థమైన మనిషి మా మేనమామ ఒక్కడే. అదీ తప్పుగా అర్థమైంది.

నేను కావలిలో ఇంట్లోనే కూర్చుని చెన్నైలోని ఒక కంపెనీకి పనిచేస్తాను. కంప్యూటరు మొత్తాన్ని నడిపించే మూల ప్రోగ్రాముని కెర్నల్ అంటారు. అందులో ఓ చిన్న మూల మాది. మెషీన్ నడుస్తూ ఉండగానే దాని మెమరీలో కొంత ఊడదీయాలన్నా, కొత్తది తగిలించాలన్నా కెర్నల్ ఏం చేయాలో రాసే బృందంలో ఉన్నాను. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మామ నా పక్కన కూర్చుని, నా పనేమిటని అడిగితే ఇదే చెప్పాను.

"ఓస్, అంతేనా! ఫోన్లో మెమరీ కార్డు మేం తీసి పెట్టుకోవడంలా?" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. "అది వేరు మామా. ఫోన్లో కార్డు బీరువా లాంటిది. నేను చెప్పేది పని జరుగుతున్న బల్ల. మీరిట్లా తింటూ ఉండగానే ఆకు కింద నుంచి ఈ బల్ల తీసేసి ఇంకోటి పెట్టాలి. మీ చేయి ఆగకూడదు, పులుసు ఒలకకూడదు."

మామ తన ఆకు వంక చూశాడు, బల్ల వంక చూశాడు. "అట్టా చేస్తావా నువ్వు!" అన్నాడు. ఆ రోజు నేను అక్కడితో ఊరుకుని గారె తిని ఉంటే బాగుండేది. "చేస్తాం" అన్నాను.

మామకి జువ్వలదిన్నె దాటాక సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల హ్యాచరీ ఉంది. చెరువుల వాళ్లు వచ్చి పిల్లల్ని కొనుక్కుపోతారు. ఆ పెళ్లయిన కొన్నాళ్లకి ఆయన చెన్నై వెళ్లి, ఎవరో పెద్ద ఆఫీసు వాళ్లు వదిలించుకున్న సర్వరు ఒకటి కొనుక్కొచ్చాడు. చిన్న ఫ్రిజ్జంత ఉంటుంది. నడుస్తుండగానే మెమరీ బోర్డులు మార్చుకోవచ్చని దాని కాగితంలో ఉందట. దాని పనల్లా తొట్లలో నీళ్ల వేడి ఎంతుందో చూసి గోడ మీది తెరలో చూపించడం. ఆ పని మా అబ్బాయి ఆడుకునే ట్యాబు కూడా చేస్తుంది. కానీ హ్యాచరీ మొత్తంలో ఏసీ పెట్టింది దాని గదిలోనే. మామ మధ్యాహ్నం కునుకు కూడా దాని పక్కనే తీసేవాడు.

ఒక రోజు ఫోను చేశాడు. "పాపా, మిషన్లో ఒక బోర్డు మీద పసుప్పచ్చ లైటు వెలుగుతా ఉండాది. మెమరీ పోయేట్టుంది. నువ్వు రావాల."

"దానికేముంది మామా. ఒక్కసారి ఆపి, కొత్త బోర్డు పెట్టి మళ్లీ ఆన్ చేయమనండి. కాసేపట్లో అయిపోతుంది."

"ఆపేదానికి నువ్వెందుకు పాపా? ఆపేదానికి కరెంటోళ్లు చాలు. ఆపకుండా మార్చాల. కొనేవాళ్లందరినీ పిలస్తా ఉండా. పంతులుగారు ముహూర్తం కూడా పెట్టేసినారు."

నాకు చెమట పట్టింది. నేను ఎన్నో ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను గానీ నిజమైన మెమరీ బోర్డుని నడుస్తున్న మెషీన్లోంచి లాగడం ఎప్పుడూ చూడలేదు. మేము చేసేదంతా కంప్యూటర్ లోపల సృష్టించిన ఉత్తుత్తి కంప్యూటర్లలో. అక్కడ బోర్డు ఉండదు, లాగడానికి చేయి ఉండదు. ఒక అంకె తగ్గుతుంది, మేము కాఫీ తాగుతాం. ఆ సంగతి మామకి చెప్పలేకపోయాను.

ముందు రోజు వెళ్లి మెషీన్ చూశాను. అమ్మినవాడు దాన్ని మామూలు కంప్యూటర్ లాగే సర్ది ఇచ్చాడు. ఏ బోర్డుని తీయదలచుకున్నామో మెషీన్ ఆన్ అయ్యేటప్పుడే కెర్నల్‌కి చెప్పాలి. అప్పుడది తన సొంత సామాను అందులో పెట్టుకోకుండా, అడగ్గానే కదిలే వాటినే అక్కడ ఉంచుతుంది.

"మామా, ఇవాళ ఒక్కసారి ఆపి ఆన్ చేస్తాను. ఆ ఏర్పాటు చేస్తే రేపు ఇబ్బంది ఉండదు."

మామ నన్ను జాలిగా చూశాడు. "ఆపకుండా మార్చేదానికి ముందు ఆపాలంటావా? జనం నవ్వరా?"

తెల్లారేసరికి సర్వరుకి పూలదండ, పైన నిమ్మకాయ. గాలి పోయే రంధ్రాల మీద పసుపూ కుంకుమ పెట్టబోతుంటే నేనే అడ్డుపడ్డాను. ఏసీ గది తలుపులు తీసి, బయట షామియానా వేసి కుర్చీలు వేశారు. సన్నాయి మేళం వచ్చింది. ముందు వరసలో సోఫాలో మండలంలో పేరున్న ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టారు. ఆయనకి ఇది దేనికి సంబంధించిన సభో చివరిదాకా తెలియలేదు. రొయ్యల ధర గురించి కాసేపు మాట్లాడాడు.

పంతులుగారు మంత్రం మొదలుపెట్టగానే నేను కీబోర్డు ముందు కూర్చుని, ఆ బోర్డులోని మెమరీని ఖాళీ చేయమని కెర్నల్‌కి ఆజ్ఞ ఇచ్చాను. మెమరీని అది చిన్న చిన్న భాగాలుగా చూస్తుంది. ఒక్కో భాగంలో ఉన్నదాన్ని వేరే బోర్డులోకి తరలించి, ఆ భాగాన్ని వాడకం నుంచి తప్పిస్తుంది. భాగాలు వరసగా ఖాళీ అవుతూ వచ్చాయి. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అంతలో ఒకటి ఆగింది. పనిలో ఉంది, కుదరదు అని తెర మీద పడింది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే.

"ఏంది పాపా ఆలస్యం?" మామ నవ్వు చెదరకుండా వంగి అడిగాడు.

"కొన్ని భాగాల్లో కెర్నల్ సొంత సామాను ఉంది మామా. దాన్ని కదపడానికి లేదు. లోపల దాని చిరునామా రాసుకున్న చోట్లు ఎన్నో, అన్నిట్లో కొత్త చిరునామా మార్చడం కుదరదు."

మామ తెలివైనవాడు. కాస్త ఆలోచించాడు. "ఓ, అట్నా! తొట్టి కడిగేటప్పుడు పిల్లల్ని పక్క తొట్లోకి పంపిస్తాం. గుడ్లు పెట్టే తల్లి రొయ్యని మాత్రం ముట్టుకోం. అంతే గదా?"

"అంతే మామా." నా ఉద్యోగాన్ని అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

"సరే. అయితే తల్లిని కూడా తొందరగా పంపించు. రాహుకాలం వచ్చేస్తా ఉంది."

పంతులుగారు ఓ కన్ను ఫోన్లో గడియారం మీద వేసి మంత్రం వేగం పెంచారు. నేను ఆజ్ఞ మీద ఆజ్ఞ ఇస్తున్నాను. మా అత్త తమ్ముడు, హ్యాచరీ లెక్కలన్నీ చూసే మా బాబాయి, నా భుజం మీదుగా తెర చూస్తున్నాడు.

"ఎంత మిగిలిందమ్మాయ్?"

"కొంచెమే బాబాయ్. కానీ ఆ కొంచెం..."

"కొంచెమే గదా, అదే సర్దుకుంటదిలే!" అంటూ బోర్డుని బిగించిన గొళ్లెం ఎత్తి, దాన్ని రెండు చేతులా లాగేశాడు.

నా తెర నల్లబడింది. సర్వరు ముందు ఎర్ర లైటు వెలిగింది. లోపలి ఫ్యాన్లు మాత్రం ఒక్కసారిగా హోరెత్తాయి. ఆ హోరు విని జనం మెషీన్ మహా జోరుగా నడుస్తోందనుకున్నారు. పంతులుగారు చేయెత్తారు. గట్టిమేళం మోగింది. అక్షింతలు సర్వరు మీద పడ్డాయి, కొన్ని లోపలికీ పోయాయి.

"మామా, మిషన్ ఆగిపోయింది" అన్నాను చెవిలో.

"నవ్వు" అన్నాడు మామ, బాబాయి చేతిలోంచి అందుకున్న బోర్డుని పసిబిడ్డలా ఎత్తి పట్టుకుని. "ఫోటో తీస్తా ఉండారు."

నవ్వాను. ఆ ఫోటో ఇప్పటికీ బంధువుల వాట్సాప్ గ్రూపులో ఉంది. అందులో అందరికంటే ఎక్కువ నవ్వుతున్నది నేనే.

పెద్దమనిషి సోఫాలోంచి లేచి గోడ మీది తెర దగ్గరికి వెళ్లాడు. సర్వరు చచ్చేముందు పంపిన అంకెలు దాని మీద అలాగే నిలిచిపోయి ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసి, "చూసినారా, ఒక్క పాయింటు కదల్లేదు! ఎంత నిలకడ!" అన్నాడు. కొనేవాళ్లు తలలూపారు. తొట్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లు రోజూ లాగే థర్మామీటరు ముంచి చూసుకుంటున్నారు. గాలి కొట్టే బ్లోయర్లకీ సర్వరుకీ ఏ సంబంధమూ లేదు. పిల్లలకి ఏమీ కాలేదు.

అందరూ భోజనాలకి వెళ్లాక నేనొక్కదాన్నే గదిలో మిగిలాను. అవమానంగా ఉంది, కోపంగానూ ఉంది. ఎవరి మీదో తెలియదు. అక్షింతలు ఏరేసి, మామ తెప్పించి ఉంచిన కొత్త బోర్డు తగిలించి, నిన్న ఆయన వద్దన్న ఏర్పాటు చేసి మెషీన్ ఆన్ చేశాను. లేచింది. అంకెలు మళ్లీ కదలడం మొదలుపెట్టాయి.

నేను ఇంటికి పోవచ్చు. పోబుద్ధి కాలేదు. కూర్చుని, ఆ కొత్త బోర్డునే ఖాళీ చేయమని అడిగాను. భాగాలు ఒకదాని వెనక ఒకటి ఖాళీ అయ్యాయి. ఏదీ మొండికెయ్యలేదు. బోర్డు మీద పచ్చ లైటు కాసేపు మినుకుమని ఆరిపోయింది. ఇక తీసుకోవచ్చని దాని అర్థం. ఆ మాట మా ప్రోగ్రాము వివరాల్లో ఎన్నిసార్లు రాశానో. చేతులు చీరకి తుడుచుకుని, గొళ్లెం ఎత్తి, మెల్లిగా లాగాను. బోర్డు వెచ్చగా, నేననుకున్న దానికంటే బరువుగా ఉంది. తెర వంక చూడడానికి భయమేసింది. చూశాను. అంకెలు కదులుతూనే ఉన్నాయి.

మామ ఫోన్లో ఎవరికో పొద్దున జరిగిన విజయం గురించి చెప్తూ లోపలికొచ్చాడు. నా చేతిలో బోర్డు చూసి హడలిపోయాడు.

"ఏం చేస్తా ఉండావ్ పాపా! పెట్టెయ్, పెట్టెయ్! మళ్లీ ఆగిపోద్ది!"

"ఆగలేదు మామా. చూడండి, నడుస్తోంది. ఇప్పుడు నిజంగా..."

"పొద్దున అయిపోయింది గదా అది. రా, అన్నం తిందువు." ఫోన్లో అవతలివాళ్లతో, "మా మేనకోడలు, ఇంకా సర్దతా ఉండాది" అన్నాడు.

బోర్డు తిరిగి పెట్టేశాను. అది మళ్లీ వాడకంలోకి వచ్చేదాకా నిలబడి చూసి, వెళ్లి రొయ్యల ఇగురుతో అన్నం తిన్నాను. బాగుంది.

మర్నాడు పొద్దున చెన్నై బృందంతో మీటింగులో ఉండబట్టలేక చెప్పాను. నిన్న నా చేత్తో, నడుస్తున్న మెషీన్లోంచి, నిజమైన బోర్డు తీశానని. మా లీడు నాకంటే చాలా చిన్నవాడు, మర్యాదస్తుడు. 

"నిజం బోర్డా?" అన్నాడు. "ఈ రోజుల్లో అట్లా ఎవరు తీస్తారండీ?"

తర్వాత నిన్నటి పనిలో ఏమేం పూర్తయ్యాయని అడిగాడు. ఏమీ కాలేదని చెప్పాను.