షాద్లీకి గుర్తున్నది

స్ఫాక్స్ నగరంలోని మా ప్రయోగశాలకు కాఫీ తెచ్చే షాద్లీ చెవి మీద మల్లెల గుత్తి రోజూ ఉంటుంది. ఎవరి కాఫీలో నారింజపూల నీళ్లు వేయాలో మాత్రం ఏనాడూ గుర్తుండదు. అందరికీ మతిమరుపు బాబాయే. రెండేళ్ల కిందట కరోనా నుంచి బయటపడ్డాడు. తన రక్తంలో వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు అడుగంటాయని నెల కిందట విన్నప్పటి నుంచీ, జబ్బు మళ్లీ అంటుకుంటుందని భయపడి, కాఫీ పళ్లెం గుమ్మంలోనే పెట్టి పోతున్నాడు.

ఇవాళ, కణాలు పరీక్షించే వసీలా పరుగున వచ్చి అతని చేయి పట్టి లోపలికి లాగి, భూతద్దం కింద ఉన్న పరీక్ష పలక చూపించింది.

“నువ్విచ్చిన రక్తంలోని కణాలకు ఆ కరోనా వైరస్ ముక్కలు చూపించాను బాబాయ్. ఈ నీలం చుక్కలన్నీ దాన్ని గుర్తుపట్టిన కణాలే. అది మళ్లీ రావచ్చు గానీ, ఈసారి వీటికి కొత్త కాదు.”

భూతద్దం మీద వంగి, షాద్లీ చుక్కల్ని నలభై దాకా లెక్కపెట్టాడు. తర్వాత పళ్లెం లోపలికి తెచ్చి ఛాతీ విరుచుకున్నాడు.

“ఇక నన్ను మతిమరుపోడని అనండి చూద్దాం.”

కప్పు నింపబోతూ ఆగి, గొంతు తగ్గించాడు.

“వసీలమ్మా, నీకు పూల నీళ్లు వెయ్యాలా, వద్దా?”