గాట్లు కొట్టిననాటి పిండి

ఖానాపూర్‌లో మా పిండి గిర్నికి కొత్త బోర్డు రాయించాలని మొన్న మనుమడు పాతది దింపించాడు. దాని మీద మా మామ పేరు, పక్కన అండ్ సన్స్ అని ఉంది. మామ మంచివాడే. కానీ ఆయనకు గిర్నితో కన్నా చాయ్ హోటల్‌తోనే ఎక్కువ పని. కొడుకు, అంటే మా ఇంటాయన, ఇంజిన్ చూసుకునేవాడు. గిర్నిని నడిపింది మా అత్త. పడుతున్న పిండిని రెండు వేళ్ల నడుమ రాసి, రొట్టె విరుగుతుందో లేదో చెప్పేది. బడి ముఖం చూడని మనిషి. నేను మూడో తరగతి దాకా చదివాను, ఆ చదువు ఆమె వేళ్ల ముందు ఎందుకూ కొరగాలేదు.

అరిగిన రాళ్లకు ఉలితో గాట్లు కొట్టిన రోజు ముందుగా మా సొంత జొన్నలు రెండు సేర్లు ఆడించి, ఆ పిండి పారబోయాలి. రాతిపొడి దానితో పోతుంది. ఆ తర్వాతే గిరాకీలు తెచ్చిన గింజలు. అది అత్త పెట్టిన కట్టుబాటు. నస్పూర్ నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన నాకు, తినే గింజ పారబోయడానికి మనసొప్పేది కాదు. ఒకసారి గాట్లు కొట్టించి అత్త అంగడికి పోయింది. అంతలో, ఊరంతా ఖాలా అని పిలిచే వెనక వీధి పెద్దామె బిడ్డ పెళ్లికని గోధుమలు వచ్చాయి. జొన్నలు దండుగ ఎందుకని ముందుగా ఆ గోధుమలనే పోయమన్నాను.

"అవ్వ తిడ్తది" అన్నాడు ఇంటాయన.

"అవ్వకు ఎవలు చెప్తరు?" అన్నాను.

అత్తకు ఎవరూ చెప్పనక్కరలేదు. వస్తూనే రాయి అంచున ఉన్న పిండి చిటికెడు నోట్లో వేసుకుంది. పళ్ల కింద కరకరమంది. "ఎవలి గోధుమలు పోసినవే?" అంది. చెప్పాను. ఆ పిండిని వాళ్లు అప్పుడే పట్టుకుపోయారు. ఊళ్లో అప్పటికే రెండో గిర్ని పెట్టారు. పెళ్లి విందులో రొట్టె కొరికితే రాయి తగిలిందంటే మా గడప మళ్లీ ఎవరూ తొక్కరు. అత్త ముందు జొన్నలు ఆడించి, ఆపైన మా ఇంటి ఏడాది గోధుమలు పోయించి, ఆ పిండి తట్ట నెత్తిన పెట్టుకుని ఎండలో ఖాలా ఇంటికి నడిచింది. వెనక ఇంకో తట్టతో నేను.

అక్కడ పిండి తడపడానికి కూర్చుంటున్నారు. "ఆపా, జర ఆగుండ్రి. రాతిపొడి వడ్డది. తప్పు నాదే" అంది అత్త ఖాలాతో.

ఖాలా నా వైపు చూసింది. "నీదేం తప్పే? ఆ తప్పు చేతులకు కొత్త గాజులేసుకొని గుమ్మంల నిలవడ్డది! ఇద్దరు రాండ్రి, పిండి పిసుకుండ్రి. యాళ్లయితుంది."

పిసికాము. ఇంటికొచ్చాక అత్త తిట్టలేదు. వెనక్కి తెచ్చిన ఆ చెడిన పిండే చిటికెడు నా నోట్లో వేసి, "నములు. గీ రుచి యాదుంచుకో. రేపటి సంది రాయికాడ నువ్వే కూసో" అంది.

కూర్చున్నాను. ఖాలా బిడ్డ బిడ్డ పెళ్లికి కూడా గోధుమలు మా దగ్గరికే వచ్చాయి. నడుమ ఎన్నేళ్లు గడిచాయంటే తడుముకుంటాను గానీ, రాళ్లు మాత్రం నాలుగు జతలు అరిగిపోయాయి.