సముద్రం పక్కన వేరుశనగ చేను

మొన్న ధర్మవరంలో మా పక్కింటి అమ్మాయి కర్ణాటకలో గోకర్ణం నుంచి కుమటా దాకా సముద్రం వెంబడి నడిచి వచ్చి, ఫోనులో ఫొటోలు చూపించింది. కొండ అంచున కాలిదారి, దిగితే ఇరవై ఇళ్ళ జాలరి పల్లె, మళ్ళీ కొండ, మళ్ళీ పల్లె. మీరెప్పుడైనా పోయినారా తాతా అని అడిగింది. మా అన్నతో పోయినానమ్మా అన్నాను. ఎందుకు పోయానో చెప్పలేదు.

అప్పుడు నేను పెనుకొండలో గుమాస్తాను. అన్న చిలమత్తూరు దగ్గర మా పొలంలో వేరుశనగ వేసేవాడు. నాయన పోయాక పంచుకోలేదు గనుక, ఒకరి సంతకం లేకుండా ఇంకొకరు అమ్మడానికి లేదు. బెంగళూరు నుంచి ప్లాట్లు వేసేవాళ్ళు వచ్చి మొత్తం పొలం అడుగుతున్నారు. నాకు ధర్మవరంలో ఇల్లు కట్టుకోవాలని ఉంది. ప్లాట్లవాళ్ళ మాట ఎవరెత్తినా అన్న లేచి పశువుల దగ్గరికి పోయేవాడు. సముద్రం చూడాలని ఆయనకు చిన్నప్పటినుంచీ ఆశ. నాలుగు రోజులు ఆ దారిలో తిప్పి, మనసు మెత్తబడ్డాక అడుగుదామని, అమ్మకం కాగితాలు సంచిలో బట్టల అడుగున పెట్టి, హిందూపురంలో ఆయన్ను బస్సెక్కించాను.

మన వయసు వాళ్ళకు తెలియనిది కాదు, సేద్యం చేసే మనిషి యాత్రకు పోయినా మన్ను చూడక మానడు. ప్రతి పల్లెలోనూ అన్న గుప్పెడు మన్ను తీసుకుని నలిపి చూసేవాడు. సరిహద్దు కన్నడం వచ్చు కాబట్టి, వలలు బాగుచేసుకునేవాళ్ళ పక్కన గొంతుక్కూచుని, వేట లేని నెలల్లో ఏం తింటారని అడిగేవాడు. నేను గడియారం చూసుకునేవాణ్ణి.

మూడో పల్లెలో, ఇసుకదిబ్బ దాటగానే, వరి కోసిన మడిలో వేరుశనగ చేను కనిపించింది. అన్న అక్కడే ఆగిపోయాడు. కాయలు పీకుతున్న ముసలామెను అడిగి తానూ ఒక చెట్టు పీకి, మట్టి దులిపి, తిప్పి తిప్పి చూశాడు. మీ ఊళ్ళో ఈ చెట్టే లేదా అని ఆమె కన్నడంలో ఎగతాళి చేసింది. ఉండాదవ్వా, ఇన్ని కాయలతో ఎప్పుడూ చూళ్ళేదు అని ఆయనా కన్నడంలోనే చెప్పి నవ్వాడు. ఆ నవ్వు ఆరకముందే నా వైపు తిరిగాడు.

"కాగితాలు తీయబ్బా."

ఆయన భుజానున్న సంచి వైపు చూశాను.

"సంచి నిన్నట్నుంచీ మోస్తాండేది నేనే కదా. సంతకానికి ఇంత దూరం నడిపించాల్నా? ఇంటికాడ అడిగింటే లేదనేవాణ్ణి. అయినా తమ్ముడు నోరు తెరిచి అడిగినాడని ఉండేది."

గట్టు మీద కూచుని, మోకాలి మీద కాగితాలు పెట్టుకుని సంతకం చేశాడు. మిగతా దారంతా నాతో పాటే నడిచాడు. తర్వాతి పల్లెల్లో మన్ను ముట్టుకోలేదు.

పొలం పోయాక బెంగళూరులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు. నేను కట్టుకున్న ఇంటికి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ వసారాలోనే కూచుని నీళ్ళు తాగి వెళ్ళాడు. నిరుడు పోయాడు. మా చేనులో ఇప్పుడు హద్దురాళ్ళు, కంపచెట్లు ఉన్నాయి. ఒక్క ఇల్లూ లేవలేదు.

ఈ కాలం అన్నదమ్ములు ఇలాంటివి ఫోనులోనే తేల్చుకుంటున్నారు, తెగితే అక్కడికక్కడే తెగుతుంది. మొరటుతనం అంటాం మనం. మనకు మర్యాద తెలుసు. ఒక మనిషికి బతుకులో ఒక్కసారి దొరికిన సముద్రాన్ని నేను మర్యాదగానే పాడు చేశాను.