మాట్లాడకుండా తిరిగిన దారి

నా చిన్నప్పుడు మాట్లాడకుండా నడవడం మా అమ్మమ్మ నేర్పింది. మాట్లాడుతూ నడవడం మా చిన మామయ్య నేర్పాడు. రెండో చదువు మొదటిదాన్ని పూర్తిగా చెరిపేసిందని ఇన్నాళ్ళూ సభల్లో గట్టిగానే చెబుతూ వచ్చాను. డెబ్బై దాటాక, జర్మనీలో ఒక చిన్న ఊరి పొలాల మధ్య, అది అంత తేలిగ్గా చెరిగే రాత కాదని తెలిసింది.

మాది కాలవగట్టు ఊరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చెల్లికి గొంతు వాచి జ్వరం పట్టుకుంది. అమ్మమ్మ నా పేరున ఆంజనేయస్వామికి మొక్కింది. తెల్లారకముందే నూతి దగ్గర స్నానం చేసి, ఆ తడిబట్టలతోనే గుడి చుట్టూ ప్రదక్షిణలు చేయాలి. అవి పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదు, విప్పితే మొక్కు చెడిపోతుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా నోరు బిగించుకుని తిరిగేవాణ్ణి. చెల్లి ప్రాణం నా పెదవుల మధ్యనే ఉందని నిజంగా నమ్మాను.

ఒక పొద్దున చెల్లి కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వింది. ఆ సంతోషంతోనే గుడికి వెళ్ళాను. ప్రదక్షిణల మధ్యలో, ఊళ్ళో పాలు పోసే ఆయన నన్ను చూసి ఆగి, "ఏరా అబ్బాయ్, చెల్లికెట్లా ఉంది?" అని అడిగాడు. "తగ్గిందండీ" అనేశాను. మర్నాడు చెల్లి పోయింది.

అమ్మమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "మాట్లాడావటగా" అంది, అంతే. ఆమె చెడ్డది కాదు. దుఃఖానికి ఒక కారణం కావాల్సి వచ్చింది, చేతికి నేను అందాను. ఆనాటినుంచి నేను మాట్లాడటం మానేశాను. బడిలో పంతులుగారు బెత్తం పుచ్చుకున్నా పలకలేదు. అమ్మ అన్నానికి పిలిస్తే తల ఊపేవాణ్ణి. ఒక్క మాటకే చెల్లి పోయింది కదా, రెండో మాటకి అమ్మ పోతే?

చిన మామయ్య బెజవాడలో చదువుకుంటూ సంస్కరణ సభల్లో వాదనలు చేసేవాడు. మా ఊళ్ళో పిల్లల్ని భయపెట్టడానికి బూచాడి తరవాత ఆయన పేరే చెప్పేవాళ్ళు. అలాంటి మనిషి సెలవులకొచ్చి, ఒక తెల్లవారుజామున నన్ను లేపి, గుడికి పద అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. వేలు పట్టుకుని, నేను తిరిగిన చోటే నన్ను తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతూ నోరు మూయలేదు. రైలింజను గురించి, కాకుల పంచాయతీ గురించి, అమ్మమ్మ నస్యం డబ్బీ ఎక్కడెక్కడ దాస్తుందో దాని గురించి ఒకటే కబుర్లు. మధ్యలో మాటవరసకి అడిగినట్టుగా, "చెల్లికేం తినడమంటే ఇష్టంరా?" అన్నాడు. "జీళ్ళు" అన్నాను. అన్నాక బిక్కచచ్చిపోయి ఇంటివైపు చూశాను. ఇల్లు అలాగే ఉంది. వంటింట్లోంచి పొగ లేస్తోంది, అమ్మ ఎవరినో కేకలేస్తోంది. ఇంకో చుట్టు, ఇంకో మాట. ఎండ ఎక్కేదాకా నాచేత మాట్లాడిస్తూనే తిప్పాడు.

చివరికి మోకాళ్ళ మీద కూర్చుని నా భుజాలు పట్టుకున్నాడు. చెల్లికొచ్చినది కంఠసర్పి అనే జబ్బని, దానికి బస్తీ ఆసుపత్రిలో మందుందని చెప్పాడు. "నువ్వు గుండ్రంగా తిరుగుతుంటే, తిన్నగా ఆసుపత్రికి నడవాల్సిన పెద్దాళ్ళం నడవలేదురా. తప్పు నీ నోటిది కాదు. మా కాళ్ళది." అలా అని, అంత వాదనల మనిషీ నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

ఆ రోజు నుంచి నేను మాట్లాడటం ఆపలేదు. వేదిక ఇచ్చినచోటల్లా ఒకటే మాట చెప్పాను. ఫలిస్తే ఘనత దేవుడిది, ఫలించకపోతే లోపం మొక్కినవాడిది. దేవుడు ఓడిపోవడానికి తావే లేని ఈ ఆటలో ప్రతిసారీ ఓడేది బలహీనుడే. ఈ మాటకి చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు, రాళ్ళు వేసినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు వాల్డార్ఫ్ పక్కన ఒక ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈ చుట్టుపక్కల మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఇక్కడ ఉద్యోగం చేయనిచ్చే బ్లూ కార్డు చేతికొచ్చినవాళ్ళు, దానికోసం ఎదురుచూసేవాళ్ళు, చదువు అయిపోయి వీసా గడువు తరుముతుంటే ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు. యంత్రాలకి తర్కం నేర్పే పిల్లలు కదా, వీళ్ళకి నాలాంటివాడి ఉపన్యాసంతో పనేముంటుంది అనుకున్నాను.

ఊరి చుట్టూ ఒక నడకదారి ఉంది. చర్చి దగ్గర మొదలై, ఆస్పరాగస్ పొలాల ఎత్తు బోదెల పక్కగా, ఆపిల్ చెట్ల కిందుగా, వాగు వెంబడి సాగి తిరిగి చర్చి దగ్గరికే తెస్తుంది. ఎక్కుడూ దిగుడూ ఉండదు. నాలాంటి కాళ్ళకీ, పసిపిల్లల తోపుడుబండ్లకీ సరిపోయే దారి. మలుపు మలుపుకీ పసుపు బాణం ఉంటుంది, తప్పిపోదామన్నా వీలుపడదు. ఎదురైన ప్రతివాళ్ళూ "మోర్గెన్" అంటారు. శుభోదయం అన్నమాట. పొట్టికాళ్ళ కుక్కతో వచ్చే ఒక ముసలావిడ అంతటితో ఆగదు. వానలు, ఆపిల్ కాపు, మోకాళ్ళ నొప్పి, నాకు అర్థం కావడం లేదని తెలిసినా అన్నీ చెబుతుంది.

మా పై అంతస్తులో కరీంనగర్ అమ్మాయి ఒకతె అద్దెకుండేది. జీగెన్‌ యూనివర్సిటీలో మాస్టర్స్ పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఇటు వచ్చింది. రోజూ పొద్దున ఆ దారిన నడుస్తూ ఎదురయ్యేది కానీ, నా మోర్గెన్‌కీ జవాబుండేది కాదు, ముసలావిడ మోర్గెన్‌కీ ఉండేది కాదు. ఈ కాలపు పిల్ల, చెవుల్లో ఏదో పెట్టుకుందిలే అనుకున్నాను. ఒక చలిరోజు దగ్గరగా దాటిపోతుంటే చూశాను. టోపీ కింద జుట్టు తడిగా ఉంది, కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పెదవులు బిగించి ఉన్నాయి. ఆ బిగింపు నాకు తెలుసు. ఆ చలీ తెలుసు. బోదె పక్కనే అలాగే నిలబడిపోయాను.

కొన్నాళ్ళకి వాగు పక్క బెంచీ మీద ఒంటరిగా ఏడుస్తూ కనబడింది. పక్కన కూర్చున్నాను.

"మొక్కు చెడిపోయింది అంకుల్. నిన్న నోరు తెరిచిన."

ముసలావిడ కుక్క తన మీదికి ఎగిరిందట. ఆవిడ క్షమించమంటే, పర్లేదని ఈ పిల్ల జర్మన్‌లో రెండు ముక్కలు అన్నదట. ఇంటికి వెళ్ళేసరికి మెయిలు వచ్చి ఉంది. ఆశంతా పెట్టుకున్న ఆ ఉద్యోగం రాలేదు. వీసా గడువు దగ్గర పడింది, వీసా ఆఫీసువాళ్ళు రమ్మన్న తేదీ, టెర్మిన్ అంటారిక్కడ, ఆ వారమే.

"ఇక్కడ గుడి లేదు కదమ్మా, దేని చుట్టూ తిరుగుతున్నావు?" అన్నాను.

"మా అమ్మనడిగితే చర్చి ఉన్నదా అన్నది. ఉన్నదంటే, ఏ దేవుడైతేంది, ఊరంతా కలిపి చుట్టు తిరుగు, మాట్లాడకు అన్నది." ఏడుపులోనే కాస్త నవ్వింది. "నిన్న చెప్తే తిట్టింది. ఇంకో రెండు దినాలు నోరు మూసుకోలేకపోయినవా అన్నది."

మాట్లాడావటగా. సముద్రాలు దాటి, ఇన్నేళ్ళు దాటి, అదే మాట.

ఉద్యోగం ఎందుకివ్వలేదో అడిగాను. జర్మన్ ఇంకా బాగా మాట్లాడేవాళ్ళు కావాలన్నారట. అది వినగానే నాలోని సభల మనిషి ఒక్కసారిగా లేచాడు. నెలల తరబడి ఈ ఊరి జనం పొద్దున్నే నీ ఎదురుగా వచ్చి, అడగకుండానే భాష నేర్పుతామంటుంటే, నోరు కుట్టేసుకుని దాటిపోయావే అని అరవాలనిపించింది. వాదన నోటి చివరిదాకా వచ్చింది. దానికి ఎదురు లేదు కూడా. కానీ అన్నానంటే, తప్పు మళ్ళీ ఆమె నోటిదే అవుతుంది. నిన్న మాట్లాడినందుకు వాళ్ళమ్మ, ఇన్నాళ్ళూ మాట్లాడనందుకు నేను. మింగేశాను.

మా చెల్లి కథ చెప్పాను. మామయ్య కాళ్ళ మాట చెప్పాను. తప్పు నీది కాదన్నాను. ఆమె చివరిదాకా విన్నది. వాగులోకి చూస్తూ, "ఆ ముసలామెతోని రోజూ మాట్లాడి ఉంటే నా జర్మన్ మంచిగయ్యేది గదా అంకుల్" అన్నది.

జీవితమంతా జవాబులు చెప్పినవాణ్ణి. ఆ పూట మాత్రం లేచి ఆమెతోపాటు చర్చిదాకా నడిచాను.

టెర్మిన్‌లో గడువు పొడిగించలేదు. వెళ్ళేముందు చెప్పడానికొచ్చి, ఊరికి పోయినంక ఇంకో పెద్ద మొక్కు ఉన్నదంకుల్, ఈసారి తప్పనివ్వను అన్నది. అంతా విన్నాక కూడా! పిచ్చిపిల్లా అని ఎవరిని అనను? తిన్నగా పోయే దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుపోతున్నప్పుడు, మనిషికి మిగిలేది గుండ్రంగా తిరగడమే. మా మామయ్యకి ఒక ఆసుపత్రి ఉంది వేలు పెట్టి చూపించడానికి. నేను చూపించడానికి ఏముంది?

ముసలావిడ ఇప్పటికీ ఎదురవుతుంది. ఒకరోజు కుక్కని ఆపి, తల మీద టోపీ ఉన్నట్టు, పెదవులు బిగించినట్టు చేసి చూపించి, ఆ పిల్లేదీ అన్నట్టు చేతులు తిప్పింది. ఆకాశంవైపు వేలు చూపించి విమానంలా చెయ్యి ఊపాను. ఆవిడ నిట్టూర్చి ఏదో అంది. మంచి మాటే అయి ఉంటుంది.

నేను రోజూ ఆ దారినే నడుస్తాను. ఎవరు పలకరించినా గొంతెత్తి "మోర్గెన్" అంటాను, జవాబు చెప్పకుండా ఏ మనిషినీ దాటను. మామయ్య ఇచ్చినది అదే, ఇప్పటికీ పోగొట్టుకోలేదు. మాట వల్ల ఎవరూ చావరు. నాకు తెలుసు. తెలిసినా, అన్న ప్రతిసారీ కాళ్ళు ఒక్క క్షణం ఆగుతాయి. ఇంటివైపు తిరిగి, అంతా అలాగే ఉందా అని చూసుకుని, అప్పుడు నడుస్తాను.