మటన్ అయితేనే లేపుండ్రి

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు మా బాపు కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు. నేను ఫొటో తీశాను. మా ఇంటి పరువు చౌరస్తాకెక్కడానికి అది చాలింది.

అప్పట్లో నాకొక బ్లాగు ఉండేది. ఇంటర్నెట్‌లో దొరికిన నవ్వు బొమ్మలు, సినిమా జోకులు ఏరి రోజూ పొద్దున ఆరింటికి అందులో పెట్టేదాన్ని. చదివేవాళ్లలో సగం మంది మా ఇంటివాళ్లే. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన బాపు చాయ్ తాగుతూ అడిగేవాడు: "ఇయ్యాల ఏం పెట్టినవ్ బిడ్డా?"

ఆ సోమవారం ఆయన్నే పెట్టాను. ఫొటో మీద లావు అక్షరాలతో 'మటన్ అయితేనే లేపుండ్రి' అని రాశాను. బాపు అద్దాలు పెట్టుకుని చదివి, "గిండ్ల అబద్ధమేమున్నది?" అన్నాడు.

ఆరు నెలలకు బాపు పోయాడు. మా కాలనీలో మనిషి పోతే చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కడతారు. ఫోన్‌లో వెతికితే అన్నీ సగం ముఖాలే. ఫ్లెక్సీలు వేసే యూసుఫ్‌కు బ్లాగు లింకు పంపి, "గిండ్ల బాపు ఫొటో ఉన్నది, తీసుకో" అన్నాను. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా ఒకసారి చూసి పంపుతారు. నేను చూడలేదు.

మూడో నాడు పొద్దున ఫ్లెక్సీ లేచింది. 'శ్రద్ధాంజలి' పైన మూలకు చిన్నగా ఉంది. 'మటన్ అయితేనే లేపుండ్రి' మాత్రం బస్సులో పోయేవాళ్లకు కూడా కనిపిస్తోంది.

"యూసుఫ్, ఏం చేసినవ్?"

"ఫొటో మీదనే ఉండె గదక్కా. మీ బాపు ఆఖరి మాట అనుకున్న. జర పెద్దగ గుడ చేసిన."

విప్పించే సమయం లేదు. పిట్టకు పెట్టేది ఆ పొద్దునే. పోయిన మనిషికి ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి ముట్టే దాకా దూరంగా నిలబడాలి. ముట్టకపోతే ఆ మనిషికి మనసు నిమ్మళం కాలేదన్నట్టు. కాకి ముట్టే దాకా మంచినీళ్లు కూడా వద్దన్నట్టు నన్ను కన్న అవ్వ చెంబు పక్కకు జరిపి గోడకు ఆనుకుని కూర్చుంది.

ఎదురు గోడ మీద వాలిన కాకి దిగలేదు. గంటయింది.

"అన్న అలిగిండు," అన్నాడు బాపు తమ్ముడు, మా చిన్నబాపు. "ఇజ్జత్ చౌరస్తల తీస్తె అలగడా?"

"తప్పయింది బాపూ," అని దండం పెట్టాను. కాకి తల పక్కకు తిప్పుకుంది.

మూడు రోజుల్లో మొదటిసారి అవ్వ నోరు విప్పింది. "విస్తరిల ఏం పెట్టిండ్రు?"

"కోడికూర, వదినె."

"గంత పెద్దగ రాసి కట్టినా మీకు సమజ్ కాలేదా? పో బిడ్డా, మటన్ తే."

తెచ్చాను. అవ్వే లేచి వండింది. విస్తరిలో పెట్టి రెండడుగులు వెనక్కి వేశానో లేదో, కాకి దిగింది. అవ్వ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత నీళ్లు తాగింది.

ఆ సాయంత్రం ఫ్లెక్సీ విప్పుతూ ఒట్టు పెట్టుకున్నాను: నిద్రపోయే మనిషిని ఫొటో తీయను, తీసినా మాటలు రాయను, రాసినా లింకు ఎవరికీ పంపను.

ఒట్టు నిలబెట్టుకోవడం కష్టం కాలేదు. ఏం పెట్టినవని అడిగే మనిషి లేడు. పొద్దున ఆరింటికి బ్లాగులో ఇప్పుడు ఏమీ పెట్టడం లేదు.